పట్టు దొరికిన చోటే అడుగు: బోస్టన్ నుంచి వుడ్స్ హోల్ దాకా ఆరు రోజులు

మొదటి రోజు: లాంగ్‌వుడ్

కండరం ఎలా ముడుచుకుంటుందనే పాఠాన్ని నేను ముప్పై ఏళ్లపాటు గోదావరి ఒడ్డున ఉన్న ఒక డిగ్రీ కళాశాలలో చెప్పాను. నల్లబల్ల మీద కండరపు రెండు ప్రోటీన్లలో యాక్టిన్‌ను సన్న గీతగా, మయోసిన్‌ను లావు గీతగా గీసి, ఒకదాని వెంట ఒకటి జారుతుందని వివరించి, పది మార్కుల ప్రశ్నగా దాన్ని ముగించేదాన్ని. అదే మయోసిన్ కుటుంబం కండరంతో సంబంధం లేని కణాలలోనూ ఉంటుందనీ, గాయం మానే చోట చర్మకణం పాకడానికీ, తెల్ల రక్తకణం రక్తనాళపు గోడ దాటి బయటికి రావడానికీ దాని లాగుడు కావాలనీ మా పాఠ్యప్రణాళికలో ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండేది కాదు. పదవీ విరమణ తరువాత, ఈ జూన్‌లో బోస్టన్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు దగ్గరికి వచ్చినప్పుడు, కణాల చలనం మీదే పరిశోధన చేస్తున్న వాణ్ణి ఒక్కటే కోరాను: ఊరు చూపించవద్దు, ఈ విషయం పుట్టి పెరిగిన చోట్లు చూపించు. "సరే పెద్దమ్మా, ఆరు రోజులు సెలవు పెడతాను. కానీ మొదట మన భీమవరం ఆయన దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

ఆ భీమవరం ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన ఆయన కోసం లాంగ్‌వుడ్ ఎవెన్యూలో ట్రామ్ దిగాము. 1906లో ప్రారంభమైన ఐదు తెల్లని పాలరాతి భవనాలు ఒక పచ్చిక మైదానం చుట్టూ నిలబడి ఉన్నాయి. విద్యార్థులు గడ్డిలో కూర్చుని భోజనం చేస్తున్నారు. నేను ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్షను మా ప్రయోగశాలలో విద్యార్థుల చేత ఎన్నోసార్లు చేయించాను. గాజు గొట్టంలో నీరులాంటి ద్రావణం కొద్ది నిమిషాలలో నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ ఉన్నట్లు. ఆ నీలి రంగును కొలుస్తూ పోయిన ఇద్దరికీ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువూ కనిపించాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు.

మోటార్ ప్రోటీన్ల కథను ఇక్కడి నుంచి మొదలుపెట్టడం న్యాయమని నాకు అనిపించింది. మయోసిన్, కైనెసిన్, డైనీన్ అనే మూడు కుటుంబాలూ ఏటీపీని పట్టుకుని, దాని చివరి ఫాస్ఫేట్‌ను విరగ్గొట్టి, ఆ సమయంలో తమ ఆకారాన్ని కొద్దిగా మార్చుకుని, ఆ మార్పుతోనే ఒక అడుగు వేస్తాయి. వాటికి నడవడానికి ఒక బాట కావాలి. మయోసిన్‌కు యాక్టిన్ తంతువు బాట అయితే, కైనెసిన్, డైనీన్‌లకు 25 నానోమీటర్ల లావున ఉండే బోలు సూక్ష్మనాళికలు బాటలు. రసాయన శక్తి నేరుగా కదలికగా మారే చోటు ఇదే, మధ్యలో ఆవిరీ లేదు, విద్యుత్తూ లేదు. సుబ్బారావు గారు ఆ నీలి రంగును కొలిచిన రోజులలో ఇదేమీ ఎవరికీ తెలియదు. కండరం అలసటకూ ఫాస్ఫేట్‌కూ ఏమిటి సంబంధమన్న ప్రశ్న ఒక్కటే వారి ముందు ఉండేది. ఆ గడ్డి మీద నడుస్తున్న పిల్లలలో ఎందరికి ఆయన పేరు తెలుసోనని ఆలోచిస్తూ, వెళ్లే ముందు ఒకసారి వెనక్కి తిరిగి భవనాలకు చేతులు జోడించాను.

రెండో రోజు: నది అవతల

చార్లెస్ నదికి అవతలి గట్టున కేంబ్రిడ్జ్ ఉంది. ఎంఐటీలోని కోచ్ క్యాన్సర్ పరిశోధన సంస్థ కింది అంతస్తులో అందరూ చూడగలిగే చిత్రశాల ఒకటి ఉంది, సూక్ష్మదర్శినితో తీసిన కణాల చిత్రాలను నిలువెత్తున పెంచి, వెనుక వెలుగు పెట్టి, గోడలకు అమర్చారు. వాటిని చూస్తూ మా అబ్బాయి ఇంటిగ్రిన్ గురించి చెప్పాడు. 1986లో ఇదే ఎంఐటీలో రిచర్డ్ హైన్స్ బృందం ఆ పేరు పెట్టింది. కణపు పొరను ఆరపార దాటి ఉండే ఈ ప్రోటీన్ ఒక చేత్తో బయట ఉన్న ఫైబ్రోనెక్టిన్, కొల్లాజెన్ వంటి పోగులను పట్టుకుంటుంది, రెండో చేత్తో లోపలి యాక్టిన్ తంతువులను మధ్యవర్తుల ద్వారా అందుకుంటుంది. బయటినీ లోపలినీ ఏకం చేస్తుంది కనుక ఆ పేరు. మనిషిలో ఇవి 24 రకాలు. ఇదే పని మీద నదికి ఇవతల తెల్ల రక్తకణాలతో శ్రమించిన తిమోతి స్ప్రింగర్‌కూ, హైన్స్‌కూ, ఎర్కి రూస్లాతీకీ కలిపి 2022లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఇక్కడే నాకు చాలాకాలంగా ఉన్న సందేహం అడిగాను. కణం ముందు అంచున యాక్టిన్ తంతువులు పెరుగుతూ పొరను ముందుకు నెడతాయి, వెనుక నుంచి మయోసిన్ ఆ తంతువులనే వెనక్కి లాగుతుంది. ఒకటి నెట్టడం, ఒకటి లాగడం అయితే కణం ఉన్న చోటనే ఉండాలి గదా? వాడు నవ్వి, "గోదావరిలో గెడ వేసేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి పెద్దమ్మా" అన్నాడు. పడవ మీద నిలబడి గెడను నీటిలోకి దించి వెనక్కి తోస్తాడు. అడుగున గట్టి ఇసుక తగిలితే గెడ నిలుస్తుంది, పడవ ముందుకు పోతుంది. అడుగున ఒండ్రు మాత్రమే ఉంటే గెడ జారుతుంది, ఎంత తోసినా పడవ ఉన్న చోటనే ఊగుతుంది. ఇంటిగ్రిన్‌తో ముడిపడని యాక్టిన్ తంతువు ఒండ్రులో దిగిన గెడ వంటిది, మయోసిన్ లాగిన కొద్దీ వెనక్కి జారిపోతుంది. ముడిపడినప్పుడు ఆ జారుడు తగ్గి, పెరిగే కొస పొరను ముందుకు నెట్టగలుగుతుంది, మయోసిన్ బలం కింద ఉన్న నేల మీద పనిచేస్తుంది. 1988లో మిచిసన్, కిర్ష్నర్ ఈ ఊహను ముందుకు తెచ్చారు. పరిశోధకులు దీన్ని క్లచ్ అనే అంటారు, కారులో క్లచ్ తొక్కినప్పుడు ఇంజన్ తిరుగుతున్నా చక్రం కదలనట్లే ఇదీ.

పట్టు లేకపోతే ఏమవుతుందో తెలియడానికి పాప కథ ఒకటి చాలు. కొందరు శిశువులు తెల్ల రక్తకణాల మీద ఉండవలసిన ఒక రకం ఇంటిగ్రిన్ లేకుండా పుడతారు. వారం రెండు వారాలలో ఊడిపోవలసిన బొడ్డు ఊడదు, మూడు నాలుగు వారాలైనా అలాగే ఉంటుంది. పుండు పడుతుంది, కానీ చీము పట్టదు. రక్తంలో తెల్ల కణాలు తక్కువగా ఉండవు, పైగా మామూలు కన్నా ఎక్కువగానే ఉంటాయి, వాటి లోపల మయోసిన్ కూడా సక్రమంగానే ఉంటుంది. రక్తనాళపు గోడను గట్టిగా పట్టుకునే చెయ్యి లేక, పుండు పక్కనుంచే ప్రవాహంలో కొట్టుకుపోతాయి. మా ఊళ్లో బొడ్డు ఊడలేదని పాతకాలపు అమ్మమ్మలు ఆందోళనపడేవారు. ఆ ఆందోళనకు అర్థం ఉందని తెలిసి నాకు మనసు బరువెక్కింది.

మూడో రోజు: చేప పొలుసు

ఈ రోజంతా ప్రయోగశాలలోనే గడిచింది, ఆరు రోజులలో నేను కళ్లారా ఎక్కువ చూసిన రోజు కూడా ఇదే.

మా అబ్బాయి మత్తుమందు కలిపిన నీటిలో ఒక బంగారు చేపను కొద్దిసేపు ఉంచి, సన్నని పట్టుకారుతో ఒక్క పొలుసు తీసి, చేపను మళ్లీ తొట్టిలో వదిలాడు. ఆ పొలుసును పలుచని గాజు పలక మీద లోపలి వైపు కిందికి ఉండేలా పరిచి, రెండు చుక్కల పోషక ద్రవం వేసి, పైన మరో పలక మూత పెట్టాడు. మనిషి కణాలైతే 37 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఇవి చేపవి కనుక గది వేడిమి చాలన్నాడు. టీ తాగి గంట తరువాత వచ్చి కంటికటకంలోకి చూశాను. పొలుసు అంచు నుంచి కణాలు ఒక చాపలా బయటికి పాకి, చాప అంచున ఒక్కొక్కటీ విడిపోయి, తమ దారిన తాము పోతున్నాయి.

వీటిని కెరటోసైట్లంటారు. ఒక్కొక్క కణం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. ముందు భాగం చేట అంచులా వెడల్పుగా, గాజుకు అతుక్కున్న పలుచని రేకులా ఉండగా, కేంద్రకం ఉన్న లావు భాగం చేటలో మిగిలిన గింజలా వెనుక దొర్లుతూ వస్తుంది. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఆకారం చెదరకపోవడం. కణం కదులుతోంది, అయినా దాని రూపం ఒక్క క్షణం కూడా మారడం లేదు. కటకంలోని కొలత గీతల మీద ఒక కణాన్ని నిలిపి, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఒక నిమిషంలో సుమారు 15 మైక్రోమీటర్లు, అంటే దాదాపు తన పొడవంత దూరం వెళ్లింది. మన చర్మం కింద ఉండే ఫైబ్రోబ్లాస్ట్ ఒక గంటలో చేసే ప్రయాణాన్ని ఇది కొద్ది నిమిషాలలో ముగిస్తుంది.

ఎందుకింత తేడా అంటే మళ్లీ పట్టు దగ్గరికే రావాలి. ఫైబ్రోబ్లాస్ట్ నేలను పెద్ద పెద్ద గుత్తులుగా గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కొక్క గుత్తిలో ఎన్నో ఇంటిగ్రిన్లు, వాటి మీద టాలిన్, విన్‌క్యులిన్, పాక్సిలిన్ వంటి అనేక రకాల ప్రోటీన్లు పేరుకుని ఉంటాయి. వీటిని ఫోకల్ అధీజన్లంటారు, నేను వీటిని పట్టుచోట్లు అనే రాస్తాను. కెరటోసైట్ పట్టుచోట్లు చిన్నవి, త్వరగా ఊడేవి. పట్టు మరీ సన్నగా ఉంటే కణం జారుతుంది, మరీ గట్టిగా ఉంటే తోక భాగం విడవక అక్కడే బందీ అవుతుంది. మధ్యస్థమైన పట్టు ఉన్నప్పుడే వేగం ఎక్కువ. వెనుక అంచున మయోసిన్ తంతువులను అడ్డంగా దగ్గరికి లాగి, తోకను నేల నుంచి వలిచివేస్తుంది. కణాన్ని కదిలించే పనిలో ఈ వదిలించే పని సగమని నాకు ఇంతకు ముందు తెలియదు.

సాయంత్రం వాడు ఒక పాత ప్రయోగం గురించి చెప్పాడు. ఈ కణాల పలుచని ముందు రేకును కేంద్రకం లేకుండా తుంచి వేరు చేసినా, ఆ ముక్క తనంతట తాను పాకుతుందని 1984లోనే చూశారు. 1999లో వెర్ఖోవ్‌స్కీ, స్విట్కినా, బోరిసీ మరొక అడుగు వేశారు. అటువంటి ముక్కలలో కొన్ని గుండ్రంగా బిళ్లలా కదలకుండా కూర్చుని ఉంటాయి. వాటిని ఒక పక్కనుంచి ద్రవధారతో ఒక్కసారి నెడితే, నెట్టిన వైపు మయోసిన్ పోగుపడి, ఎదుటి వైపు యాక్టిన్ పెరిగి, బిళ్ల అర్ధచంద్రంగా మారి, నెట్టడం ఆపిన తరువాత కూడా నడుస్తూనే ఉంటుంది. జన్యువులు లేవు, కేంద్రకం ఆజ్ఞ లేదు. బాట, మోటారు, పట్టు, ఏటీపీ ఉన్నాయి, అవి చాలు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు: దక్షిణానికి

సౌత్ స్టేషన్‌లో బస్సెక్కితే సుమారు రెండు గంటలలో వుడ్స్ హోల్. బోర్న్ వంతెన మీద కేప్ కాడ్ కాలువ దాటగానే పొట్టి పైన్ చెట్లు, ఇసుక నేల మొదలయ్యాయి. వుడ్స్ హోల్ ఫాల్మత్ పట్టణంలో చివరి కొసన ఉన్న చిన్న పల్లె. ఒక ప్రధాన వీధి, ఆ వీధి మధ్యలో పడవలు పోవడానికి పైకి లేచే వంతెన, పక్కన ఈల్ పాండ్ అనే ఉప్పునీటి చెరువు, చివర దీవులకు పోయే పెద్ద పడవల రేవు ఉన్నాయి. 1888లో స్థాపించిన సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల భవనాలు ఇళ్ల మధ్యనే, గోడ లేకుండా, ఊరితో కలిసిపోయి ఉన్నాయి. కాలినడకన అరగంటలో ఊరంతా చూడవచ్చు.

సాయంత్రం నోబ్‌స్కా దీపస్తంభం కింద ఒడ్డున రాళ్ల మీద నడుస్తూ, బార్నకిల్ గుల్లల మీద చెయ్యి ఆనించి చూపుడు వేలు కోసుకున్నాను. లోతైన గాయం కాదు. రుమాలు చుట్టుకుని కూర్చున్నప్పుడు మా అబ్బాయి, అక్కడ జరుగుతున్నది కూడా మన విషయమేనన్నాడు. రక్తఫలకికలు ఇంటిగ్రిన్‌తో ఫైబ్రిన్ దారాలను పట్టుకుంటాయి, వాటి లోపలి మయోసిన్ ఆ దారాలను లాగి గడ్డను బిగిస్తుంది. పరీక్షనాళికలో రక్తం గడ్డకట్టి, కొంతసేపటికి గడ్డ కుంచించుకుని పైన పసుపు నీరు తేలడాన్ని నేను విద్యార్థులకు ఎన్నోసార్లు చూపించాను. ఆ కుంచించుకోవడం కండరపు పనికి దగ్గరి చుట్టమని ఏనాడూ చెప్పలేదు.

ఐదో రోజు: స్క్విడ్, కైనెసిన్

ఇక్కడ వేసవి కోర్సులో ఉన్న మా అబ్బాయి స్నేహితురాలు పొద్దున్నే మమ్మల్ని సముద్ర జీవులను ఉంచే భవనానికి తీసుకువెళ్లింది. గుండ్రని తొట్టిలో చల్లని సముద్రపు నీరు తిరుగుతూ ఉంటే, ఆక్టోపస్‌కు చుట్టాలైన, జానెడు పొడవున్న స్క్విడ్‌లు ఒకే వైపు ముఖం పెట్టి, రెక్కల అంచులు అలల్లా ఆడిస్తూ నిలబడి ఉన్నాయి. నేను తొట్టి మీదికి వంగగానే వాటి ఒళ్లంతా గోధుమ ఎరుపు చుక్కలు ఒక్కసారిగా విచ్చుకుని, మళ్లీ మూసుకున్నాయి. నా నీడకు అవి ఇచ్చిన జవాబు అది.

ఈ జంతువుకు ఒంట్లో ఒక నాడీతంతువు ఉంది. మనిషి నాడీతంతువులు మైక్రోమీటర్లలో కొలిచేంత సన్నవి అయితే, ఇది దాదాపు ఒక మిల్లీమీటరు దాకా లావుంటుంది. జె.జెడ్. యంగ్ 1936లో దీన్ని వర్ణించిన నాటి నుంచి నాడీ శాస్త్రం దీని మీద ఆధారపడింది. దీని ఒక కొసను కోసి, చిన్న రోలరుతో రెండో కొస నుంచి ఒత్తుకుంటూ వస్తే, పేస్టు గొట్టాన్ని నొక్కినట్లు లోపలి పదార్థం గాజు మీదికి వస్తుంది. పొర లేదు, కణం లేదు, అయినా ఏటీపీ ఉన్నంతసేపు ఆ పదార్థంలో సరుకు మోసే చిన్న చిన్న సంచులు గంటల తరబడి ప్రయాణం చేస్తూనే ఉంటాయి. 1982లో రాబర్ట్ అలెన్, స్కాట్ బ్రాడీ, రేమండ్ లాసెక్ బృందం, అలెన్ రూపొందించిన వీడియో సూక్ష్మదర్శినితో ఇది చూశారు. మామూలు కటకానికి అందనంత చిన్న రేణువులు తెర మీద రెండు దిశలలోనూ పరుగులు తీశాయి.

తరువాతి కథలో వాతావరణం కూడా ఒక పాత్ర. స్టాన్‌ఫోర్డ్‌లో విద్యార్థిగా ఉన్న రోనాల్డ్ వేల్, అక్కడికి వచ్చి జేమ్స్ స్పూడిచ్ వద్ద పనిచేస్తున్న మైకేల్ షీట్జ్ ఇదే చలనాన్ని వెతకాలనుకున్నారు. షీట్జ్, స్పూడిచ్ 1983లో నైటెల్లా అనే నీటి నాచు కణాన్ని కోసి తెరిచి, లోపలి యాక్టిన్ బాటల మీద మయోసిన్ పూసిన పూసలు నడవడం చూపించారు. గోదావరి కాలువల నుంచి హైడ్రిల్లా తెచ్చి ఆకులో పచ్చని రేణువులు గిరగిరా తిరగడం చూపిన మా తరగతికి అది ఎంత దగ్గరి పనో! ఆ రేణువులను తిప్పేదీ మయోసినే. స్క్విడ్ నాడిలో కూడా మయోసినే ఉంటుందని వారు అనుకున్నారు. కానీ ఆ ఏడాది ఎల్ నినో వల్ల కాలిఫోర్నియా తీరానికి స్క్విడ్ రాలేదు. దాంతో ఇద్దరూ 1983 వేసవిలో దేశం ఈ చివరికి, ఈ వుడ్స్ హోల్‌కు వచ్చారు. ఇక్కడ థామస్ రీస్, బ్రూస్ ష్నాప్‌లతో కలిసి చూస్తే, సంచులు నడిచే బాట యాక్టిన్ కాదు, సూక్ష్మనాళిక అని తేలింది. అంటే తెలిసిన మయోసిన్ కాదు, తెలియని మరొక మోటారు.

దాన్ని పట్టుకున్న తీరు నా మనసులో నిలిచిపోయింది. నాడీ పదార్థపు ద్రావణాన్ని గాజు మీద పోసి, శుద్ధి చేసిన సూక్ష్మనాళికలను దానిపై వదిలారు. బాట మీద సరుకు కదలాలని వారి అంచనా, కానీ బాటలే గాజు మీద పాములలా పాకడం మొదలుపెట్టాయి. ద్రావణంలోని మోటారు గాజుకు అంటుకుని నిలిచిపోవడంతో, అది వేసే ప్రతి అడుగూ బాటనే జరుపుతోంది. అదే మోటారును పూసకు అంటించి, బాటను గాజుకు అంటిస్తే పూస నడుస్తుంది. రెండింటిలో ఏది గట్టిగా పట్టుబడి ఉంటే రెండోది కదులుతుంది. రెండో రోజు విన్న గెడ మాట ఇక్కడ నాకు కళ్లకు కట్టినట్లు కనిపించింది. స్క్విడ్ నుంచీ, ఆవు మెదడు నుంచీ శుద్ధి చేసిన ఆ ప్రోటీన్‌కు 1985లో వేల్, రీస్, షీట్జ్ కైనెసిన్ అని పేరు పెట్టారు. కదలిక అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది. 2012లో షీట్జ్, స్పూడిచ్, వేల్ ముగ్గురికీ లాస్కర్ పురస్కారం లభించింది.

కైనెసిన్‌కు రెండు పాదాలుంటాయి. 1993లో కేంబ్రిడ్జ్‌లోని రోలండ్ సంస్థలో లేజరు కాంతితో పూసను పట్టి ఉంచి కొలిస్తే, ఒక్కొక్క అడుగు 8 నానోమీటర్లని తేలింది. ఒక అడుగుకు ఒక ఏటీపీ, సెకనుకు సుమారు వంద అడుగులు. ఒక పాదం బాటను పట్టుకుని ఉండగానే రెండోది లేచి ముందుకు పడుతుంది. రెండూ ఒకేసారి వదిలితే సరుకుతో సహా కొట్టుకుపోతుంది. నాడిలో వేగంగా పోయే సరుకు రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది, అంటే మన వెన్నుపాము నుంచి పాదం దాకా చేరడానికి మూడు నుంచి ఐదు రోజులు.

"ఇది నాడి సంగతి. పాకే కణానికి కైనెసిన్‌తో పనేమిటి?" అని భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను. మా అబ్బాయి పులిహోర డబ్బా పక్కన పెట్టి, వేలితో బల్ల మీద గీసి చూపించాడు. సూక్ష్మనాళికల కొసలు పదే పదే పట్టుచోట్ల దాకా పెరుగుతూ వచ్చి తాకి వెళ్తాయి, తాకినప్పుడల్లా ఆ పట్టు కొంత సడలుతుంది. 2002లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో విక్టర్ స్మాల్ బృందం కణంలో కైనెసిన్‌ను అడ్డుకున్నప్పుడు, నాళికలు యథాప్రకారం వచ్చి తాకుతున్నా పట్టుచోట్లు సడలక మరింత పెరిగాయి. కనుక ఆ బాటల మీద కైనెసిన్ మోసుకువచ్చేది ఏదో పట్టును వదిలిస్తోంది. ఒక మోటారు లాగుతుంది, ఇంకొకటి వదలమన్న సందేశం తెస్తుంది. వదిలిన ఇంటిగ్రిన్లు చిన్న సంచులలో లోపలికి వెళ్లి, మళ్లీ పొర మీదికి పంపబడతాయి. కొత్త నేలను తడుముతూ చాచే వేళ్ల వంటి సన్నని పోగుల కొసలకు ఇంటిగ్రిన్‌ను చేర్చడానికి మయోసిన్‌లలోనే పదో రకం ఒకటి ఉంది.

ఆరో రోజు: గంటలు, ఎర్రని చుక్కలు

ఉదయం ఈల్ పాండ్ అవతల ఉన్న రాతి గంటస్తంభం దగ్గరికి వెళ్లాము. 1929లో కట్టిన ఆ స్తంభంలోని రెండు గంటలకు మెండెల్, పాశ్చర్ అని పేర్లు. సుబ్బారావు గారు ఏటీపీని ప్రకటించిన సంవత్సరమూ అదే కావడం యాదృచ్ఛికమే అయినా నాకు సంతోషం కలిగించింది.

ఈ ఊరికి వచ్చి ఆ ఏటీపీ మాట ముగించడానికి ఇంకో కారణముంది. విటమిన్ సి పరిశోధనకు 1937లో నోబెల్ పొందిన ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి, యుద్ధ కాలంలో హంగరీలోని సెగెడ్‌లో, మయోసిన్ దారాలను గాజు మీద పరిచి ఏటీపీ చుక్క వేశాడు. అవి ఆయన కళ్ల ముందే ముడుచుకున్నాయి. జీవం లేని గాజు పలక మీద జీవపు లక్షణమైన కదలిక కనిపించిన ఆ క్షణాన్ని ఆయన జీవితాంతం తలచుకున్నాడు. ఆయన ప్రయోగశాలలోనే స్ట్రౌబ్ 1942లో యాక్టిన్‌ను వేరుచేశాడు. 1947లో సెంట్ జ్యోర్జి వుడ్స్ హోల్ చేరి, 1986లో మరణించే దాకా ఇక్కడే పనిచేశాడు. కైనెసిన్ పేరు ఈ ఊళ్లో వినిపించిననాటికి ఆయన ఇంకా జీవించే ఉన్నాడు.

మధ్యాహ్నం బస్సులో వేలి కట్టు విప్పి చూసుకున్నాను. గాటు అంచులు లోపలికి వచ్చి, మధ్యన సన్నని ఎర్రగీత మిగిలింది. చేప పొలుసు అంచున చూసిన చాప వంటిదే ఇక్కడ పక్కు కింద పాకుతూ ఉండాలి.

బోస్టన్ చేరాక మా అబ్బాయి నేరుగా ప్రయోగశాలకు తీసుకువెళ్లాడు, మొదటి రోజు నుంచీ దాచి ఉంచిన ప్రయోగం ఒకటి ఉందట. ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లలో విన్‌క్యులిన్‌కు ఎర్రగా వెలిగే గుర్తు తగిలించాడు. మయోసిన్‌ను నిలిపివేసే బ్లెబిస్టాటిన్ అనే మందుకు నీలి కాంతి పడదు కనుక ఎర్ర గుర్తే ఎంచుకున్నానన్నాడు. మందు వేయక ముందు కణం అంచుల వెంట ఎర్రని గీతలు పొడవుగా, అన్నీ కణం మధ్యకు చూపిస్తూ మెరుస్తున్నాయి. మందు వేసిన తరువాత ఒక్కొక్కటీ కరిగి, చుట్టూ సన్నని చుక్కలు మాత్రమే మిగిలాయి. వేసిన మందు ఇంటిగ్రిన్‌ను ముట్టుకోలేదు, నేలను ముట్టుకోలేదు. లాగే మోటారును ఆపితే పట్టే పోయింది.

ఇది నేను ఊహించనిది. పట్టు ముందుంటుంది, లాగుడు దాని మీద ఆధారపడుతుంది అనుకుంటూ వచ్చాను. మా అబ్బాయి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకును గుర్తుచేశాడు. చెట్టు చుట్టూ, నడుము చుట్టూ మోకు వేసుకుని అతడు వెనక్కి వాలుతాడు. వాలినప్పుడే మోకు మానును కరిచి పట్టుకుంటుంది, చెట్టుకు దగ్గరగా జరిగితే వదులై జారుతుంది. పట్టుచోటులో ఆ మోకు టాలిన్. ఇంటిగ్రిన్‌కూ యాక్టిన్‌కూ మధ్య ఉండే ఈ పొడవాటి ప్రోటీన్ ముడతలు ముడతలుగా మడిచి ఉంటుంది. మయోసిన్ లాగినప్పుడు ముడతలు విప్పుకుని, లోపల దాగి ఉన్న విన్‌క్యులిన్ చోట్లు బయటపడతాయి. విన్‌క్యులిన్ వచ్చి అతుక్కుని మరిన్ని యాక్టిన్ తంతువులను తెచ్చి కడుతుంది. 2009లో ఒక్క టాలిన్ అణువును పట్టి సాగదీసి దీన్ని నిరూపించిన వారిలో షీట్జ్ కూడా ఉన్నాడు. వుడ్స్ హోల్‌లో సూక్ష్మనాళికలు పాకడం చూసిన మనిషి, దాదాపు పాతికేళ్ల తరువాత, ఆ లాగుడు అవతలి కొసన ఏమి చేస్తుందో చూశాడు.

"ఇప్పుడు మందు కడిగేస్తాను, మీరే చూడండి" అని లేచి, పాత ద్రవం తీసి కొత్తది పోశాడు. గదిలో దీపాలు ఆర్పేసి ఉన్నాయి. మొదటి రెండు నిమిషాలు తెర మీద ఏమీ మారలేదు. తరువాత కణం కుడి అంచున ఒక చుక్క కొద్దిగా కాంతివంతమైంది, దాని పక్కన ఇంకొకటి. చుక్కలు మెల్లగా సాగి గీతలయ్యాయి. గీతలన్నీ ఒక్కొక్కటిగా లోపలి వైపు తిరిగాయి. పది నిమిషాలు దాటే సరికి కణం ఎడమ కొసన ఒక గీత వెలుగు తగ్గి, సన్నబడి, జారి, ఆరిపోయింది. ఆ వైపు తోక నేల వదిలి లోపలికి ముడుచుకుంది, కణం కుడి వైపుకు ఒక్క జరుగు జరిగింది.

"వెళ్దామా పెద్దమ్మా, పది దాటింది" అన్నాడు. ఇంకో పది నిమిషాలు ఉందామన్నాను.